యాది జరం

ముందు స్టూలు వచ్చి నా మొహానికి తగిలింది. విసిరిందెవరో తర్వాత చూశాను. ముక్కులోంచి రక్తం బొటబొటా తెల్లకోటు మీద కారుతుంటే, కళ్ళు చికిలించుకుని తలెత్తాను. ఎదురుగా గోడకి వీపు ఆనించి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో. కంపెనీ వాళ్ళ నీలం చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. ఎడమ చేతిలో మూత్రం డబ్బా పట్టుకుని, కుడి చేత్తో గాల్లోంచి దేన్నో గిల్లి గిల్లి పారేస్తున్నాడు. "చీమలు, చీమలు" అంటున్నాడు. అతని కాళ్ళ దగ్గర మా అటెండరు భాయ్ తల పట్టుకుని కూలబడి ఉన్నాడు. ముందు అతని పని పట్టి, ఆ తర్వాత నా మీదికి స్టూలు విసిరాడన్నమాట.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఆ రోజు ముక్కు పగిలిపోయింది కాబట్టి కోపం చేతుల్లోకి దిగింది. బల్ల మీదున్న స్టీలు ట్రే లాగి, సిరంజీలూ దూదీ చెల్లాచెదురుగా పడిపోతున్నా చూసుకోకుండా, వెళ్ళి అతని భుజం మీద ఒక్కటిచ్చాను. ట్రే సొట్టపోయింది. నర్సు అన్నాక దెబ్బలు తినడం కూడా ఉద్యోగంలో భాగమే అనుకునేవాళ్ళు ఉంటారు. నేను ఆ రకం కాదు.

ఇదంతా జిదాఫ్స్ బజారు వెనక వీధిలో, మొదటి అంతస్తులో ఉన్న మా క్లినిక్‌లో జరిగింది. నేను బహ్రెయిన్ వచ్చి చాలా ఏళ్ళయింది. మా ఆయన ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాడు, మా పిల్లవాడు ఈసా టౌన్‌లో స్కూలుకి వెళ్తాడు. నేను మాత్రం తెల్లారకముందే లేచి పరిగెత్తాలి. క్యాంపుల నుంచి కూలీల బస్సులు ఆ టైంకే వస్తాయి మరి.

సర్కారు పనులు కాంట్రాక్టుకి తీసుకున్న ఒక కంపెనీ తన మనుషులందరికీ డ్రగ్ టెస్టు తప్పనిసరి చేసింది. ఏసీ గదిలో కూర్చునే ఇంజనీరైనా, రోడ్డు పక్కన రాళ్ళు పరిచే మేస్త్రీ అయినా డబ్బా నింపాల్సిందే. మొదట్లో ఏడాదికోసారి ఉండేది. ఈమధ్య ఇంకో రూలు వచ్చింది. సెలవుకి ఇంటికి వెళ్ళినవాడు తిరిగొచ్చిన వారంలోపే టెస్టుకి రావాలి. ఫెయిలయితే కంపెనీ వాళ్ళు గోల చెయ్యరు. గుట్టుగా వీసా కొట్టేసి, రెండు మూడు రోజుల్లో విమానం ఎక్కించేస్తారు. ఆ మనిషి మళ్ళీ ఈ గడప తొక్కడం కలలో మాట.

ఒకడి బదులు ఇంకొకడు డబ్బా నింపకుండా, టాయిలెట్ తలుపు తీసి ఉంచి అటెండరు వెనకే నిలబడి చూడాలి. మగవాళ్ళు దీనికి చచ్చేంత సిగ్గుపడతారు. "నా పెండ్లాం ముంగట గూడ గిట్ల నిలవడలే సిస్టరమ్మా" అని ఒకాయన నాతో మొర పెట్టుకున్నాడు. నవ్వుకుని ఊరుకున్నాను. ఆ రోజు గొడవ ఆ తలుపు దగ్గరే మొదలైంది. వెనక ఎవరో ఉన్నారని తెలియగానే ఈ నీలం చొక్కా మేస్త్రీ గిరుక్కున తిరిగి, భాయ్ గొంతు పట్టుకుని, తలని తలుపుకేసి బాది, బయటికొచ్చి చేతికందిన స్టూలు విసిరాడు.

నా ట్రే దెబ్బ అతనికి తగిలినట్టే లేదు. నన్ను చూడనే లేదు. నా వెనక ఇంకెవరో ఉన్నట్టు అటు చూస్తూ, సెలైన్ స్టాండు ఒంటి చేత్తో ఎత్తి తిప్పాడు. మందుల బీరువా అద్దం భళ్ళున పగిలింది. క్యూలో కూర్చున్న వాళ్ళంతా మెట్ల మీదికి పరుగు. ఒకాయన మాత్రం పారిపోకుండా వెనక నుంచి వచ్చి అతని నడుం వాటేసుకున్నాడు. నెరిసిన మీసాల పెద్దాయన, అతని రూమ్మేటు. "ఆగు తమ్మీ, నేనురా, నేను" అంటున్నాడు. మేస్త్రీ తల వంచి ఆయన ముంజేతిని కొరికాడు. అట్లాంటిట్లాంటి కొరుకుడు కాదు, పళ్ళు దిగబడ్డాయి. పెద్దాయన కెవ్వుమన్నాడు కానీ పట్టు వదల్లేదు. ఆ పెనుగులాటలో డబ్బా కింద పడి, మూత ఎగిరిపోయి, ఉన్నదంతా నేల పాలైంది.

అప్పుడు మేస్త్రీ ఒక్కసారిగా బిగుసుకుపోయాడు. కళ్ళు తేలేశాడు. నరికిన చెట్టులా వెల్లకిలా పడి, గాజు పెంకుల మీదే గిలగిలా కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నోట్లోంచి నురగ, నాలుక తెగి రక్తం. అప్పటిదాకా ఇంకో రెండు తగిలిద్దామని చూస్తున్న నేను ట్రే పారేసి మోకాళ్ళ మీద కూలబడి, తల పట్టుకుని పక్కకి తిప్పాను. నా ముక్కు రక్తం అతని మొహం మీద కారుతోంది. "ఇంజెక్షన్! ఇంజెక్షన్!" అని అరిచాను. మా డాక్టరమ్మ గదిలోంచి పరిగెత్తుకొచ్చి, నేను చెయ్యి అదిమి పట్టుకుంటే నరానికి మందు ఎక్కించింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది.

ఆగిందని ఊపిరి పీల్చుకుంటుంటే, కూలీల మీద కంపెనీ పెట్టిన క్యాంపు బాస్ మెట్లెక్కి వచ్చాడు. కింద బస్సులో ఏసీ వేసుకుని పడుకున్నాడు మహానుభావుడు. పగిలిన అద్దాలు చూశాడు, కింద స్పృహ లేకుండా పడి ఉన్న మనిషిని చూశాడు. "హరామీ, గంజాయి కొట్టొచ్చావా?" అని హిందీలో తిడుతూ, బూటు కాలితో అతని డొక్కలో తన్నాడు. ఒకసారి. రెండోసారి కాలెత్తేలోపు నేను లేచి బాస్ చెంప ఛెళ్ళుమనిపించాను. నా చేతికున్న రక్తమంతా అతని బుగ్గ మీద అచ్చు పడింది. వాడూ చెయ్యెత్తాడు. చెయ్యి నా దాకా రాకుండా, కొరుకుడు పడ్డ చేత్తోనే పెద్దాయన పట్టుకున్నాడు. "ఆడమనిషి మీద చెయ్యేస్తవా?" అన్నాడు. అప్పటికి డాక్టరమ్మ అరబ్బీలో అరిచిన అరుపుకి బాస్ వెనక్కి తగ్గాడు. చెంప తుడుచుకుంటూ, "టెస్టు కావాలి నాకు. ఇవాళే కావాలి" అన్నాడు. నేను నేల మీది తడి చూపించాను. "అదిగో, నాకి చూసుకో" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన తర్వాత అన్నాడు. నాకైతే ఇప్పటికీ అట్లా అనిపించదు.

అంబులెన్సు వచ్చేలోపు పెద్దాయన చేతికి కుట్లు వేస్తూ అడిగాను. "ఇతనికి ఫిట్స్ ఉన్నాయా పెద్దయ్యా?"

"ఫిట్స్ కాదు సిస్టరమ్మా. యాది జరం."

"అదేం జ్వరం?"

ఆయన నన్ను అమాయకురాల్ని చూసినట్టు చూశాడు. ఊరి నుంచి తిరిగొచ్చిన వాళ్ళలో కొందరికి వస్తుందట. పెళ్ళాం పిల్లలు యాదికొచ్చి, రెండో రోజు నుంచి చేతులు వణుకుతాయి. నిద్ర పట్టదు. లేని మనుషులు కనిపిస్తారు. కొడతారు, కొరుకుతారు, గోడలకి తల బాదుకుంటారు. ఇంటి మీద ప్రాణం ఎక్కువున్నవాడికి గట్టిగా వస్తుందని వాళ్ళ నమ్మకం. అందుకని క్యాంపులో ఒక పద్ధతి పెట్టుకున్నారు. సెలవు నుంచి ఒకడు వస్తున్నాడంటే గదిలో కూరగాయల కత్తి, గ్యాస్ లైటరు, ఇస్త్రీ పెట్టె పక్క గదిలో దాచేస్తారు. వణుకు మొదలు కాగానే లుంగీలతో మంచానికి కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, వంతుల వారీగా కాపలా కాస్తారు. గంజి తాగిస్తారు. జ్వరమని చెప్పి అతని డ్యూటీ తలా కాస్త పంచుకుంటారు. నాలుగైదు రోజులకి లేచి కూర్చుంటాడు, స్నానం చేయించి డ్యూటీకి పంపుతారు.

"మొన్న ఒకడు నా రెండు పండ్లు రాలగొట్టిండు" అని పెద్దాయన పెదవి ఎత్తి చూపించాడు. నవ్వుతూనే చూపించాడు. "ఈ కొత్త రూలు రాకముందు ఎవలకు తెల్వకుంట ఎల్లిపోతుండె. గిప్పుడు గా జరంల ఉన్నోన్ని బస్సెక్కిచ్చి తోలుకొచ్చిండు బాస్. నేను వద్దన్న. ఇంటడా?"

నా చేతిలో సూది ఆగిపోయింది. నాకు నిజామాబాద్ గుర్తొచ్చింది. మాది గోదావరి జిల్లా అయినా, మా నాన్న ఉద్యోగం వల్ల నేను నర్సింగ్ అక్కడే చదివాను. కల్లు దుకాణాలు బందయిన రోజుల్లో మా వార్డు నిండిపోయేది. ఆడా మగా తేడా లేదు. మంచాలకి దుప్పట్లతో కట్టేసేవాళ్ళం. ఒకామె కట్లు తెంపుకుని, సెలైన్ సూది పీకి నా తోటి అమ్మాయి బుగ్గలో గుచ్చింది. ఇంకొకాయన తన మొహాన్ని తనే గోళ్ళతో చీరుకున్నాడు, మేం చూసేసరికి ఒక కంటి రెప్ప వేలాడుతోంది. ఆ కల్లు తాటిచెట్టు నుంచి దిగిన కల్లు కాదు. నీళ్ళలో నిద్రమాత్రల పొడి కలిపి అమ్మేది. రోజూ తాగినవాడికి అది ఒక్కసారి ఆగిందా, ఒళ్ళూ బుర్రా రెండూ తిరగబడతాయి. కొందరు ఫిట్స్‌లోనే పోతారు.

"మీ తమ్ముడు ఊళ్ళో కల్లు తాగుతాడా?" అన్నాను.

"తాగడా మరి? రెండు నెలలు ఇంటికి పోతే పొద్దుమాపు కల్లే. కల్లుతోని ఏమైతదమ్మా? మా తాతలు తాగలేదా?"

"ఆ కల్లులో తెల్ల పొడి కలుపుతారని తెలుసా?"

"కలుపుతరు. ఇరిగిపోకుంట ఉండనీకి."

"నీ మొహం! విరిగిపోకుండా ఉండడానికి పాలలో కూడా ఎవరూ నిద్రమాత్రలు వెయ్యరు. అది యాదీ కాదు, జ్వరమూ కాదు. ఇక్కడ డబ్బాలో మేం వెతికే మందుల్లో అదీ ఒకటి. మీరంతా ప్రేమ అనుకుని మంచానికి కట్టేసింది ఆ మందునే." నేను అరిచినట్టే చెప్పాను. ఆయన తన చేతి మీది పళ్ళ గాట్ల వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, "మరి గిప్పుడు వాని నౌకరి పోయినట్టేనా?" అని అడిగాడు.

పోకూడదని అప్పుడే అనుకున్నాను. అంతలో క్లినిక్ మేనేజరు వచ్చి నా ముక్కు చూసి, "పోలీసు కంప్లయింటు ఇవ్వు, పంపించేద్దాం" అన్నాడు. మందు అని తెలియక తాగినవాడు, ఆగిపోతే పిచ్చెక్కుతుందని తెలియనివాడు. ఇక్కడికొచ్చి ఒక్క చుక్క ముట్టనివాడు. వాడికి శిక్షేమిటి? "కంప్లయింటు ఇవ్వను. నేనూ కొట్టాను, ట్రే సొట్టపోయింది, కావాలంటే చూసుకోండి" అన్నాను.

మేముండేది అరాద్‌లో, ఎయిర్‌పోర్టు పక్కనే. ఆ సాయంత్రం ముక్కు మీద ఇంత పట్టీతో ఇంటికి వెళ్తే మా ఆయన తలుపు తీసి, "ఇవాళ ఎవరిని కొట్టావు?" అన్నాడు. ఎవరు కొట్టారని కాదు. పన్నెండేళ్ళ కాపురం అది. నెత్తి మీద నుంచి విమానం దిగుతుంటే ఆ హోరులోనే అరుచుకుంటూ మొత్తం చెప్పాను. విని, "డబ్బా ఒలికిపోయింది కదా. మళ్ళీ తీస్తే?" అన్నాడు.

అక్కడే నాకు దారి దొరికింది. ఫిట్స్ ఆపడానికి డాక్టరమ్మ ఎక్కించింది కూడా ఆ జాతి మందే. ఇప్పుడు ఎన్ని డబ్బాలు నింపినా అది కనబడుతుంది, అది కల్లుదో ఇంజెక్షన్‌దో మేం డబ్బాలో ముంచే స్ట్రిప్పు తేల్చలేదు. వైద్యం కోసం ఇచ్చామని డాక్టరు ఒక్క మాట చెప్తే ఆ టెస్టు చెల్లదు. మర్నాడంతా నేను డాక్టరమ్మ ప్రాణం తీశాను. ఆవిడ మొదట కుదరదంది. నాకెందుకీ తంటా అంది. మధ్యాహ్నం టీ తాగుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "మీ చేత్తో ఇచ్చిన ఇంజెక్షనే కదా, ఇచ్చానని చెప్పడానికి ఏం భయం?" అని నిలదీశాను. "సరే తల్లీ, రేపు కంపెనీకి ఫోన్ చేస్తాను, నన్ను వదులు" అంది. క్యాంపు బాస్ ఈలోపు పదిసార్లు ఫోన్ చేశాడు. ఆసుపత్రి నుంచి రేపు వదలగానే మనిషిని నేరుగా తీసుకొస్తానని, డబ్బా సిద్ధంగా ఉంచమని.

డ్యూటీ అవగానే గెలిచిన పొగరుతో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. మేస్త్రీకి స్పృహ వచ్చింది. ఇంకా చేతులు మంచం కమ్మీలకి మెత్తటి పట్టీలతో కట్టే ఉన్నాయి. నాలుక వాచి మాట ముద్దగా వస్తోంది. పక్కన పెద్దాయన ఉన్నాడు. నా మొహం చూడగానే మేస్త్రీ బావురుమన్నాడు.

"నాకేం యాదికి లేదు సిస్టరమ్మా. నేనే కొట్టిన్నంట గద. మా అవ్వ తోడు, ఆడోళ్ళ మీద ఎన్నడు చెయ్యెత్తలే."

"ఊరుకో అన్నా. నేనూ ఊరికే లేను, నీ భుజం చూసుకో. చెల్లుకి చెల్లు." చూసుకున్నాడు. నల్లగా కమిలి ఉంది. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. రేపు డబ్బా నింపినా భయం లేదు, డాక్టరమ్మ మాట్లాడుతుంది. కానీ ఒకటి విను. మళ్ళీ ఊరికి వెళ్ళినప్పుడు ఆ కల్లు ముట్టుకున్నావంటే నేనే వచ్చి కాళ్ళు విరగ్గొడతాను." అని, పొడి సంగతి, అది ఆగితే ఏమవుతుందో, వణుకు దగ్గర్నుంచి చీమల దాకా అన్నీ విడమరిచి చెప్పాను.

కట్టేసిన చేతులతోనే దండం పెట్టబోయినవాడు, నేను చెప్తున్నకొద్దీ కదలడం మానేశాడు. 

"కల్లు బందయితే గిట్లయితదా?" అన్నాడు.

"అవును."

"చిన్న పోరగాండ్లకు గూడనా?"

"పిల్లలకి ఎవరు పోస్తారు కల్లు?"

అతను పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన తల దించుకున్నాడు.

"నా బిడ్డకు ఎనిమిదేండ్లు" అన్నాడు. "నేనింటికి పోతె నన్ను ఇడిసిపెట్టది. నేను కల్లు తాగుతుంటె పక్కన్నె కూసుంటది. దానికో గిలాసల పోస్త. ముద్దుకు. మా అయ్య నాకు గట్లనె పోసేటోడు. మా ఆమె ముట్టది, నేను లేనప్పుడు దానికి పొయ్యది గూడ. నేనిటు తిరిగొచ్చినంక బిడ్డకు జరమొస్తది సిస్టరమ్మా. వణుకుతది. గోడకు తల కొట్టుకుంటది. తల్లిని కొరుకుతది. నాయినా, నాయినా అని ఒర్రుతదంట. నీ యాదిల పోరి పాగలైతున్నదని ఫోన్ల చెప్తరు." మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "నాకు సంబురమైతుండె. క్యాంపుల అందరికి చెప్పుకునేటోణ్ణి, నా బిడ్డకు నేనంటె గంత పానమని."

ఇతనొచ్చి ఎన్ని రోజులైందో పిల్లకి ఆ గ్లాసు ఆగి కూడా అన్నే రోజులు. ఇతను ఇక్కడ అద్దాలు పగలగొడుతున్నప్పుడు అక్కడ అది ఏం చేస్తోందో! నా ఫోన్ తీసి, నంబరు అడిగి, స్పీకరు పెట్టి అతని మొహం దగ్గర పట్టుకున్నాను.

భార్య ఎత్తింది. ఆమె హలో అనేలోపే వెనక నుంచి అరుపు వినబడింది. పిల్ల అరుపు కాదది, గొంతు కోస్తున్న అరుపు. ఆ వెంటనే దబ్‌మని చప్పుడు, మళ్ళీ దబ్‌మని.

"ఏమైతున్నదే?" అన్నాడు.

"ఏమైతది, గదే జరం. ఈసారి మస్తు గట్టిగొచ్చింది. నా బొటనేలు కొరికింది, గోరూడొచ్చింది. నెత్తి పగలగొట్టుకుంటున్నదని గుంజకు కట్టేసినం. కండ్లు పైకేస్తున్నది. మంత్రం ఏయించిన. నాలుగొద్దులైతే తగ్గుతది తియ్యి, నువ్వు రంధి వడకు."

"దవాఖానకు తీస్కపో!" అని అరిచాడు. వార్డంతా తిరిగి చూసింది.

"గింత దానికి దవాఖాననా? తండ్రి మీద బెంగకు మందేముంటది?"

"బెంగ కాదే! నేను పోసిన! నేనే పోసిన!" పట్టీలు తెంచుకోవాలని గింజుకున్నాడు. మంచం ఎగిరెగిరి పడుతోంది. మణికట్లు కోసుకుపోయి రక్తం చిమ్ముతున్నా లాగుతూనే ఉన్నాడు. నర్సులు పరిగెత్తుకొచ్చి మీద పడ్డారు. పెద్దాయన అతని కాళ్ళ మీద పడుకున్నాడు. నేను ఫోన్ నా వైపు తిప్పుకుని, నాకున్న గొంతంతా వాడాను.

"చెల్లీ, నేను నర్సుని. నీ పిల్ల ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. మంత్రమూ లేదు, మట్టీ లేదు. ఇప్పుడే ఆటో మాట్లాడుకుని నిజామాబాద్ పెద్ద దవాఖానకి పో. కల్లు ఆగిందని చెప్పు. అంతే చెప్పు, వాళ్ళకి తెలుస్తుంది. అక్కడే నిలబడి నాతో మాట్లాడావంటే చంపేస్తాను, కదులు!"

"నాకు తెల్వదక్కా" అని ఆమె ఏడుపు అందుకుంది. "తండ్రి మీది ప్రేమనుకున్న." ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత మేం ముగ్గురం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. చీకటి పడుతుండగా ఫోన్ వచ్చింది. దారిలో ఆటోలోనే ఫిట్స్ వచ్చిందట, తల్లి ఒళ్ళోనే. ఊపిరి ఆగి, మళ్ళీ తీసుకుందట. దవాఖానలో చేర్చుకున్నారు. మంచానికి కట్టి మందు ఎక్కిస్తున్నారు. బతికే ఉంది. ఒక్కదాన్ని పట్టుకోలేకపోతున్నానని భార్య ఏడ్చింది. 

మేస్త్రీ పెద్దాయన చేత క్యాంపు బాస్‌కి ఫోన్ చేయించి సెలవు అడిగాడు. బాస్ నవ్వాడు. "మొన్ననే కదా వచ్చాడు? రెండేళ్ళ తర్వాత అడగమను. పాస్‌పోర్టు మా దగ్గరే ఉంది, ఖలాస్" అన్నాడు. 

మేస్త్రీ నా వైపు తిరిగాడు.

"సిస్టరమ్మా, రేపు నన్ను ఫెయిల్ చెయ్యి."

"ఏంటి?"

"ఫెయిలయితె ఇమానం ఎక్కిస్తరు గద. మూడొద్దులల్ల ఇంటికాడ ఉంట. డాక్టరమ్మను ఫోన్ చెయ్యద్దను. నీ కాళ్ళు మొక్కుత."

"మళ్ళీ గల్ఫ్ మొహం చూడలేవు, తెలుసా? ఈ ఉద్యోగం కోసం నేను నిన్నటి నుంచి అందరితో కుక్కలా పోట్లాడుతున్నాను."

"ఎరికె."

"అక్కడికి పోయి మళ్ళీ ఆ కల్లు దుకాణానికే పోతావు."

"పోత" అన్నాడు. "గొడ్డలి వట్టుకొని పోత."

"గొడ్డలి సంగతి తర్వాత. ముందు పిల్ల పక్కన కూర్చో" అన్నాను. నాకు ఏడుపొస్తోంది, ముక్కు పగిలిందేమో ఏడవడం కూడా నొప్పిగా ఉంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేతిలోకి తీసుకోబోతుంటే వద్దన్నాను. "నీకు పిచ్చా? నిన్నంతా నన్ను కాల్చుకు తిన్నావు కదా!" అంది. పిల్ల సంగతి చెప్పాను. ఆవిడ ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

బాస్ అతన్ని తీసుకొచ్చాడు. మణికట్లకి కట్లు, డొక్క పట్టుకుని వంగి నడుస్తున్నాడు. నేనిచ్చిన డబ్బా తీసుకుని టాయిలెట్‌లోకి వెళ్ళాడు. తలకి కట్టుతో మా భాయ్ వెనకే నిలబడ్డాడు. ఈసారి మేస్త్రీ వెనక్కి తిరగలేదు. తలుపు బార్లా తీసి ఉంటే, అందరం ఉండగా, తల వంచుకుని డబ్బా నింపి తెచ్చి నా చేతికిచ్చాడు. చెయ్యి వణకలేదు.

స్ట్రిప్పు ముంచి బల్ల మీద పెట్టాను. అన్ని గీతలూ రావాలి, ఒక గీత రాకపోతే ఫెయిలు. ఎన్నో మొహాలు ఆ గీత కోసం దేవుళ్ళకి మొక్కుకోవడం చూశాను. ఇతను బల్ల మీదికి వంగి, ఆ గీత రాకూడదని చూస్తున్నాడు. వెనక బాస్ అసహనంగా కాలు ఊపుతున్నాడు. టైమయింది. నిద్రమాత్రల గీత రావాల్సిన ఆ ఒక్క చోటు తెల్లగా ఉండిపోయింది. 

"ఫెయిలేనా సిస్టరమ్మా?"

"ఫెయిలే."

"సాలు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని, బాస్ చూస్తుండగానే, కళ్ళకద్దుకున్నాడు.